నడుము ఎంఆర్‌ఐకి మూడు ఊళ్లలో మూడు ధరలు: ఎందుకీ తేడా, ఎలా పోల్చాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర పల్లె, నాన్నగారికి 61 ఏళ్లు, నాలుగు నెలలుగా నడుము నొప్పి, అది ఎడమ కాలి పిక్క దాకా లాగుతోంది. ఎముకల డాక్టరు గారు ‘ఎంఆర్‌ఐ ఎల్‌ఎస్‌ స్పైన్‌’ అని, అంటే నడుము భాగపు వెన్నెముక స్కాన్ అని, చీటీ రాసి ఇచ్చారు. మీరు కనుక్కుంటే శ్రీకాకుళంలో 5,500, విజయనగరంలో 7,000, విశాఖపట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో 9,800 రూపాయలు అన్నారు. డాక్టరు గారి దగ్గర పనిచేసే అబ్బాయి మాత్రం ఫలానా సెంటర్‌కే వెళ్లమన్నాడు. ఒకటే స్కాన్‌కు ఇంత తేడా ఎందుకు, చవకైన చోట చేయిస్తే పనికిరాకుండా పోతుందా, ఖరీదైన చోట చేయిస్తే అనవసరంగా డబ్బు పోసినట్టా అన్నది మీ సందేహం.

నేను 26 ఏళ్లు స్కాన్ యంత్రం నడిపే రేడియోగ్రాఫర్‌గా పనిచేశాను. సగం కాలం విశాఖపట్నంలో, మిగిలిన సగం శ్రీకాకుళంలో. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను, ఏ సెంటర్‌తోనూ సంబంధం లేదు. నేను డాక్టరును కాను. వైద్యం గురించి నేను చెప్పేది మీ డాక్టరు గారిని అడగడానికి పనికివచ్చే మాటగానే తీసుకోండి. యంత్రం గురించి, బిల్లు గురించి చెప్పేది మాత్రం చేతులతో చేసి, కళ్లతో చూసి చెబుతున్నది.

ధరల సంగతికి ముందు ఒక్క పని. ఈ రాత్రే నాన్నగారిని గదిలో నాలుగడుగులు మడమల మీద నడవమనండి, తరవాత మునివేళ్ల మీద నడవమనండి. పక్కనే ఉండి చెయ్యి పట్టుకోండి. ఎడమ పాదం పైకి లేవకుండా జారిపోతోందా, నడుస్తుంటే ఆ కాలి చెప్పు తెలియకుండా ఊడిపోతోందా చూడండి. మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ, మలవిసర్జన మీద పట్టు తప్పడం గానీ, కూర్చునే చోట, తొడల లోపలి వైపు మొద్దుబారడం గానీ ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. పాదం బలహీనంగా ఉంటే రేపే డాక్టరు గారికి చెప్పండి. మూత్రం, మలం, మొద్దుబారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్కడ చవక అని వెతకవద్దు. అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. వెన్ను చివర ఉండే నరాల గుత్తి నలిగినప్పుడు ఆలస్యమైన ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది. జ్వరంతో కలిసిన నడుము నొప్పి, ఇంతకు ముందు క్యాన్సర్ ఉండటం, ఎత్తు నుంచి పడటం, కారణం తెలియకుండా బరువు తగ్గడం ఉన్నా సరే, డాక్టరు గారికి వెంటనే తెలియాలి. ఒక పెద్దాయన మూడు రోజులుగా మూత్రం సరిగా రావడం లేదన్న సంగతి స్కాన్ బల్ల ఎక్కాక నాకు చెప్పారు. కొడుకుతో చెప్పడానికి సిగ్గుపడ్డారట. ఆ మూడు రోజులూ ఆ కొడుకు ఎక్కడ తక్కువకు చేస్తారని ఊళ్లు తిరిగాడు. ఇది ముందు రాయడానికి కారణం అదే.

ఇవేవీ లేకపోతే మీకు సమయం ఉంది. నాలుగు నెలలుగా ఉన్న నొప్పికి వారం పది రోజులు ఆగి, నాలుగు చోట్ల కనుక్కుని చేయించుకోవడంలో తప్పు లేదు.

ఇక ధరలు. కందిపప్పు కిలో ఎంత అని అడిగినట్టు ‘ఎంఆర్‌ఐకి ఎంత?’ అని ఫోనులో అడిగితే అవతలివారు ఒక అంకె చెబుతారు. ఆ అంకెలో ఏమేమి కలిశాయో, ఏవి కలవలేదో మీకు తెలియదు. మీరు తెచ్చుకున్న మూడు అంకెలూ మూడు వేర్వేరు వస్తువుల ధరలు కావచ్చు. నేను శ్రీకాకుళంలో పనిచేస్తుండగా రాజాం వైపు నుంచి ఒక రైతు వచ్చి, వేరే చోట తీయించిన స్కాన్ బిల్లు నా చేతికిచ్చి, ఇది సరైనదేనా చూడమన్నాడు. ఫోనులో అతనికి 4,500 అని చెప్పారు. బిల్లులో స్కాన్ ఎదురుగా 4,500 అనే ఉంది. దాని కింద వెన్ను మొత్తం స్క్రీనింగ్ 1,000, ఫిల్ములు 600, సీడీ 200, అదేరోజు రిపోర్టుకు 700. అంతా కలిపితే 7,000. పక్క సెంటర్‌లో ముందే 6,500 చెప్పారని, అన్నీ అందులోనే వస్తాయన్నారని, ఎక్కువ అనిపించి అక్కడికి వెళ్లలేదని అతను చెబుతుంటే నాకు బాధ కలిగింది. అతన్ని ఎవరూ అబద్ధమాడి మోసగించలేదు. అడగవలసిన ప్రశ్న అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

ఆ బిల్లులో ఉన్న స్క్రీనింగ్ అంటే ఏమిటో చెబుతాను. నడుము భాగాన్ని వివరంగా తీశాక, మెడ నుంచి కింది దాకా వెన్నెముక మొత్తాన్ని నిలువుగా ఒకసారి త్వరగా తీస్తారు. నడుము పూసలను పైనుంచి సరిగ్గా లెక్కపెట్టడానికి, మెడలోనో వీపులోనో మరేదైనా ఉంటే కంటపడటానికి అది ఉపయోగపడుతుంది. కొన్ని నిమిషాల పని. చాలాచోట్ల అసలు ధరలోనే కలిపి తీస్తారు, కొన్నిచోట్ల విడిగా వసూలు చేస్తారు. ధర పోల్చేటప్పుడు మొదట తేలవలసిన వాటిలో ఇదొకటి.

యంత్రం విషయానికి వస్తే, ఎంఆర్‌ఐ అయస్కాంత బలాన్ని టెస్లాలలో చెబుతారు. మామూలుగా కనిపించేవి 1.5 టెస్లా, 3 టెస్లా. ఇవి కాక శాశ్వత అయస్కాంతంతో పనిచేసే 0.2 నుంచి 0.4 టెస్లా దాకా ఉండే చిన్న యంత్రాలు ఉన్నాయి. పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి ‘ఓపెన్ ఎంఆర్‌ఐ’ అంటారు. ఇరుకు గొట్టం అంటే భయపడేవారికి, బాగా లావుగా ఉన్నవారికి అవి మేలే. కానీ బొమ్మలో మసక ఎక్కువ, సమయం ఎక్కువ, సన్నని నరాలు విడివిడిగా కనిపించడం తక్కువ. బొబ్బిలి నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయిని అలాంటి చోట 3,500కు తీయించిన ఫిల్ములు తెచ్చారు. వెలుతురు పెట్టె మీద పెట్టి చూస్తే డిస్కు, అంటే పూసల మధ్య ఉండే మెత్తటి దిండు, ఉబ్బిందని తెలుస్తోంది గానీ, అది నరాన్ని తాకిందా లేదా అన్నది తేలడం లేదు. సర్జన్ గారికి కావలసిందే అది. మళ్లీ 6,000 పెట్టి తీయించారు. మొత్తం 9,500 అయింది, రెండుసార్లు ప్రయాణం, నాలుగు రోజుల సెలవు.

అలాగని 3 టెస్లా కోసం ఎగబడనక్కరలేదు. నడుము డిస్కులు, నరాలు చూడటానికి మంచి స్థితిలో ఉన్న 1.5 టెస్లా చాలు. ఎక్కువ టెస్లా అంటే ఎక్కువ నిజం చెబుతుందన్నట్టు ప్రకటనలు రాస్తారు. మెదడులో చిన్న చిన్న మచ్చలు వెతకడానికి, కీళ్లలో సన్నని కణజాలం చూడటానికి 3 టెస్లాతో లాభం ఉంటుంది. నడుముకు మాత్రం దాని కోసం మూడు నాలుగు వేలు అదనంగా పెట్టమని నేను ఎవరికీ చెప్పలేదు. పైగా వెన్నులో స్క్రూలు, ప్లేట్లు ఉన్నవారికి 1.5 టెస్లాలోనే లోహపు నీడ తక్కువగా పడుతుంది. మీకు విశాఖలో చెప్పిన 9,800 గనక 3 టెస్లా ధర అయితే, ఆ తేడా వదిలేసుకున్నందువల్ల నాన్నగారికి నష్టమేమీ ఉండదు.

ఈ యంత్రం నడిపేందుకు అయ్యే ఖర్చు ఎలాంటిదో తెలిస్తే ధరలు ఎందుకు కిందికీ మీదికీ ఆడతాయో అర్థమవుతుంది. 1.5 టెస్లా అయస్కాంతపు తీగచుట్టలు ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. దాని చలి సున్నాకు 269 డిగ్రీలు కింద. రోగి ఉన్నా లేకపోయినా, పగలైనా రాత్రైనా అయస్కాంతం ఆగదు, దాన్ని చల్లబరిచే యంత్రం ఆగదు, కరెంటు బిల్లు ఆగదు. బ్యాంకు వాయిదా, నిర్వహణ ఒప్పందం, సిబ్బంది జీతాలు అన్నీ నెల తిరిగేసరికి కట్టాల్సినవే. రోజుకు అయిదుగురు వచ్చినా, పాతిక మంది వచ్చినా ఆ ఖర్చు ఇంచుమించు ఒకటే. రోజంతా రోగులుండే సెంటర్ తక్కువకు తీయగలదు. ఖాళీగా ఉన్న సెంటర్ రెండు రకాలుగా ఉంటుంది: ఒకటి ఉన్న కొద్దిమంది దగ్గరే ఎక్కువ తీసుకునేది, రెండోది రాత్రి తొమ్మిది దాటాక వస్తే తగ్గిస్తామనేది. రాత్రి వేళ తగ్గింపు ఇస్తే అనుమానించకండి, అదే యంత్రం, అవే బొమ్మలు. ఇంటికి ఎలా చేరతారన్నది మాత్రం ముందే చూసుకోండి.

అదే పెద్ద ఆసుపత్రిలో బయటి నుంచి వచ్చి తీయించుకునేవారికి ఒక ధర, చేరి ఉన్నవారికి గది తరగతిని బట్టి మరో ధర ఉండటం కూడా మామూలే. జనరల్ వార్డులో ఉన్న వ్యక్తికీ ప్రత్యేక గదిలో ఉన్న వ్యక్తికీ ఒకే బల్ల మీద ఒకే స్కాన్ నేనే తీశాను, బిల్లులు వేరు. అక్కడే చేరే ఆలోచన ఉంటే ముందే బయటి రోగిగా స్కాన్ తీయించుకుని వెళ్లడం మంచిది. అయితే బయట తీసిన స్కాన్‌ను వారు ఒప్పుకుంటారా, మళ్లీ తీయమంటారా అన్నది వైద్యం చేసే డాక్టరు గారినే అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగక ఒకే స్కాన్‌కు రెండుసార్లు డబ్బు కట్టినవారు చాలామంది.

కాంట్రాస్ట్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, మన శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి ఆ సంగతి తెలిసి ఉండటం అవసరం. బొమ్మ స్పష్టంగా రావడానికి రక్తనాళంలోకి ఎక్కించే మందు అది. ఎంఆర్‌ఐకి గెడోలినియం ఉన్న మందు, సీటీ స్కాన్‌కు అయోడిన్ ఉన్న మందు వాడతారు. దానివల్ల బిల్లు బాగా పెరుగుతుంది. డిస్కు జారిందేమో చూడటానికి మామూలుగా అది అక్కరలేదు. ఇంతకు ముందు అదే చోట ఆపరేషన్ అయి ఉన్నా, చీము, క్షయ, గడ్డ లాంటి అనుమానం ఉన్నా డాక్టరు గారే రాస్తారు. మీ చీటీలో ఆ మాట లేదు. కౌంటర్ దగ్గర ఎవరైనా ‘కాంట్రాస్ట్ కూడా చేయిస్తే మంచిది’ అంటే, ‘డాక్టరు గారు రాయలేదు, ఆయనతో మాట్లాడి చెబుతాను’ అనండి. స్కాన్ మధ్యలో రేడియాలజిస్టు, అంటే బొమ్మలు చూసి రిపోర్టు రాసే డాక్టరు, ఏదైనా చూసి కావాలన్నారంటే అది వేరే సంగతి, అప్పుడు కారణం చెబుతారు, వినండి.

మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతం సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో జిల్లాలో తెలియనివారు లేరు. నరసన్నపేట వైపు కూడా ఆ ఊళ్లతో బంధుత్వాలు ఉంటాయి, అక్కడ పుట్టి పెరిగి ఇటు వచ్చినవారు ఉంటారు. ఈ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపించదు. అందుకే నాన్నగారికి ఎప్పుడైనా కాంట్రాస్ట్ రాస్తే ముందు రక్తంలో క్రియాటినిన్ చూడాలి. దాన్నిబట్టి కిడ్నీ వడపోత లెక్క కడతారు. ఆ వడపోత అంకె 30 కంటే తక్కువ ఉంటే కొన్ని రకాల గెడోలినియం మందులతో చర్మం, కండరాలు గట్టిపడే అరుదైన, తీవ్రమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఆ సంబంధం 2006లో బయటపడింది. ఇప్పుడు వాడే కొత్త రకం మందుల్లో ఆ ప్రమాదం బాగా తక్కువ, అయినా ఏ మందు వాడాలన్నది రేడియాలజిస్టు నిర్ణయించాలి. క్రియాటినిన్ పరీక్షకు అయ్యే ఖర్చు స్కాన్ ధర పక్కన లెక్కలోకి రాదు. అది అడగకుండా కాంట్రాస్ట్ ఎక్కించడానికి సిద్ధపడే చోటును, ఎంత చవకైనా సరే, వదిలేయండి. ఇంకో మాట, స్కాన్‌కు సంబంధం లేకపోయినా చెప్పకుండా ఉండలేను: నాలుగు నెలలుగా నాన్నగారు నొప్పి మాత్రలు మందుల షాపులో కొని వేసుకుంటూ ఉంటే, ఆ క్రియాటినిన్ పరీక్ష ఇప్పుడే చేయించండి. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు చేసే చేటు చాలా ఎక్కువ.

రిపోర్టు ఎవరు రాస్తారన్నది ధరలో కనిపించదు, కానీ సగం విలువ అక్కడే ఉంది. చిన్న పట్టణాల సెంటర్లలో రేడియాలజిస్టు రోజంతా ఉండకపోవచ్చు. బొమ్మలు కంప్యూటర్ ద్వారా వేరే ఊళ్లో ఉన్న డాక్టరుకు వెళతాయి, ఆయన చూసి రిపోర్టు పంపుతారు. ఇందులో తప్పేమీ లేదు, మంచి రిపోర్టులు ఎన్నో అలా వచ్చినవే. అయితే అక్కడ కూర్చున్న డాక్టరుకు రోగి కనిపించడు. ఎడమ కాలా, కుడి కాలా, ఎన్నాళ్లుగా, పాత ఆపరేషన్ ఉందా అన్నది టెక్నీషియన్ రాసి పంపితేనే తెలుస్తుంది. ‘ఎల్‌బీఏ’ అని మూడక్షరాలు మాత్రమే పంపే సెంటర్లు చూశాను. అంటే నడుము నొప్పి అని, అంతే. మీరు ఒక కాగితం మీద ‘ఎడమ పిక్క వెనక వైపు నొప్పి, నాలుగు నెలలు, దగ్గితే ఎక్కువవుతుంది’ అని నాన్నగారి మాటల్లోనే రాసి, డాక్టరు చీటీతో కలిపి ఇవ్వండి. రిపోర్టు మీద రేడియాలజిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సంతకం చోట సెంటర్ ముద్ర మాత్రమే ఉంటే అడగండి.

ఫలానా సెంటర్‌కే వెళ్లమన్న మాట గురించి. కమిషన్ల సంగతి దాచిపెట్టి ప్రయోజనం లేదు. నేను పనిచేసిన ఒక చోట కౌంటర్‌లో మొదటి ప్రశ్న ‘ఎవరు పంపారు?’ అనే. ఆ జవాబును బట్టి నెలాఖరుకు లెక్కలు తేలేవి, ఆ లెక్క రోగి బిల్లులోంచే వచ్చేది. రోగిని పంపినందుకు డాక్టరు ప్రతిఫలం తీసుకోవడాన్ని, ఇవ్వడాన్ని భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నిబంధనలు స్పష్టంగా నిషేధించాయి, పరీక్షల కోసం పంపడం కూడా అందులోకి వస్తుంది. మీరు చేయగలిగింది ఇది: ఫోను చేసినప్పుడు డాక్టరు పేరు చెప్పకుండా, ‘మేము నేరుగా వస్తున్నాం, ఎంతకు చేస్తారు?’ అని అడగండి. చాలాచోట్ల ధర అక్కడే తగ్గుతుంది. అయితే డాక్టరు గారు ఒక సెంటర్ పేరు చెప్పారంటే ప్రతిసారీ డబ్బు కోసమే అనుకోవద్దు. అక్కడి బొమ్మలు బాగుంటాయని, ఆ రేడియాలజిస్టు రిపోర్టు మీద నమ్మకం ఉందని చెప్పేవారు నిజంగా ఉన్నారు. అసిస్టెంటును కాక డాక్టరు గారినే అడగండి: ‘అయ్యా, వేరే చోట 1.5 టెస్లాలో తీయిస్తే మీకు సరిపోతుందా?’ సరిపోతుందంటే మీ చేతులు విడిపోయినట్టే.

ప్రయాణాన్ని కూడా ధరలో కలపాలి. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం 20 కిలోమీటర్ల పైచిలుకు, విశాఖపట్నం 130 కిలోమీటర్ల దరిదాపు. పిక్కలోకి లాగే నొప్పి ఉన్న మనిషికి అంతసేపు బస్సులో కూర్చోవడమే పెద్ద శిక్ష. తోడు ఒకరు, ఆటోలు, భోజనాలు, పోయిన కూలి, రిపోర్టు మరునాడు ఇస్తామంటే ఇంకోసారి ప్రయాణం. రైలు అనుకుంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఊళ్లో లేదు, ఆముదాలవలసలో ఉంది, అక్కడికి మళ్లీ ఆటో. అమ్మగారు తోడు వస్తే 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు కట్టనక్కరలేదు కాబట్టి ఆ ఖర్చు ఒకటి తగ్గుతుంది. శ్రీకాకుళంలో మంచి 1.5 టెస్లా దొరికితే విశాఖలో వెయ్యి తక్కువన్నా వెళ్లవద్దనే చెబుతాను. విశాఖలోనే వైద్యం చేయించాలని ముందే నిర్ణయమైతే మాట వేరు, అక్కడి డాక్టరు గారిని చూపించి, ఆయన చెప్పిన చోట ఒకే ప్రయాణంలో ముగించుకోండి.

ఇంతకీ ప్రైవేటుకే ఎందుకు వెళ్లాలన్నది కూడా ఆలోచించండి. శ్రీకాకుళంలో రిమ్స్ అని మనం పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విజయనగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖలో 1923 నుంచి ఉన్న కేజీహెచ్ మనకున్న మూడు పెద్ద దిక్కులు. కేజీహెచ్‌లో ఎంఆర్‌ఐ ఉంది. ఓపీలో చూపించి, అక్కడి డాక్టరు రాస్తేనే తీస్తారు, బయటి చీటీ చూపిస్తే తీయరు. తేదీ కోసం ఆగాల్సి వస్తుంది. ప్రమాద లక్షణాలేవీ లేవని తేలినప్పుడు ఆగడం వల్ల చేటు లేదు. రాగోలులో, నెల్లిమర్లలో ప్రైవేటు వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి, అక్కడా అడగండి. బోధనాసుపత్రుల్లో విడి సెంటర్ల కంటే తక్కువ తీసుకున్న సందర్భాలు నేను చూశాను.

ఆపరేషన్ మాట ఇప్పటికే వచ్చి ఉంటే మాత్రం స్కాన్‌కు డబ్బు కట్టే ముందు ఆగండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద, మనమంతా ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటాం, చేసే చికిత్సల ప్యాకేజీలో అందుకు కావలసిన పరీక్షలు కూడా కలిసి ఉంటాయి. కార్డు తీసుకుని, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని అడగండి, లేదా 104కు ఫోను చేయండి. సొంత డబ్బుతో ముందే తీయించేసుకుంటే ఆ ఖర్చు తిరిగి రాదు. ప్రైవేటు ఆరోగ్య బీమా ఉంటే, ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల్లో అదే జబ్బుకు చేయించిన పరీక్షలను చాలా పాలసీలు చెల్లిస్తాయి, బిల్లు, చీటీ రెండూ దాచండి. బీమా లేకపోయి, మీరు పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతూ ఉంటే, 60 దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చు 50,000 దాకా మినహాయింపులో చూపించవచ్చు, నగదు కాకుండా ఫోను ద్వారానో కార్డుతోనో చెల్లించి ఉండాలి. డయాగ్నోస్టిక్ పరీక్షల మీద జీఎస్టీ లేదు. ‘బిల్లు కావాలంటే ట్యాక్సు పడుతుంది’ అని ఎవరైనా అంటే నమ్మవద్దు, బిల్లు తీసుకోండి.

ఇప్పుడు మళ్లీ ఆ మూడు చోట్లకూ ఫోను చేసి, అన్నిచోట్లా ఒకే మాట అడగండి. ఇలా: ‘నడుముకు కాంట్రాస్ట్ లేకుండా ఎంఆర్‌ఐ. మీ యంత్రం ఎన్ని టెస్లా? వెన్ను మొత్తం స్క్రీనింగ్, ఫిల్ములు, సీడీ, రిపోర్టు అన్నీ కలిపి చేతికి ఎంత? రిపోర్టు ఎప్పుడు ఇస్తారు, ఏ డాక్టరు రాస్తారు? బొమ్మలు కదిలి చెడిపోతే మళ్లీ ఉచితంగా తీస్తారా?’ జవాబు చెప్పినవారి పేరు, అంకె కాగితం మీద రాసుకోండి, వాట్సాప్‌లో పంపమనండి. రాసి పంపిన అంకె కౌంటర్ దగ్గర మారదు. చివరి ప్రశ్నకు ‘తీస్తాం’ అని వెంటనే చెప్పే చోట నాకు నమ్మకం ఎక్కువ. ఎందుకంటే నడుము నొప్పి ఉన్న మనిషి వెల్లకిలా కదలకుండా 20, 30 నిమిషాలు పడుకోలేడు. పదో నిమిషంలో కాలు లాగుతుంది, కదులుతాడు, బొమ్మ అలుక్కుపోతుంది. తొందరలో ఉన్న సెంటర్ దాన్నే ఫిల్ము చేసి ఇచ్చేస్తుంది. డాక్టరు గారిని అడిగి బయలుదేరే ముందు నొప్పి మాత్ర వేయించండి, మోకాళ్ల కింద మెత్తటి దిండు పెట్టమని టెక్నీషియన్‌ను అడగండి. మంచి టెక్నీషియన్ మీరు అడగక ముందే పెడతాడు.

గుండెకు పేస్‌మేకర్, చెవిలో అమర్చిన పరికరం, మెదడులో క్లిప్పు, ఎప్పుడైనా కంట్లో పడిన ఇనుప రజను, వీటిలో ఏది ఉన్నా ఫోనులోనే చెప్పాలి. నాన్నగారు వెల్డింగు, లేతు పని ఎప్పుడైనా చేసి ఉంటే చివరిది తప్పకుండా చెప్పండి. మొలతాడుకు కట్టిన వెండి బిళ్ల, తాయెత్తు గది బయటే తీసేయాలి. పెద్దవారు వాటిని తీయడానికి బాధపడతారు. ముందు రోజే ఇంట్లో నెమ్మదిగా చెప్పి ఒప్పించండి. సీటీ స్కాన్ చవక కదా, అది చేయిస్తే పోదా అని కొందరు అడుగుతారు. సీటీ ఎక్స్‌రేలతో పనిచేస్తుంది, ఎముక విరుగుళ్లు బాగా చూపిస్తుంది. డిస్కు నరాన్ని నొక్కుతోందా అన్నది చూడటానికి డాక్టరు గారు ఎంఆర్‌ఐ రాశారు, దాన్ని మార్చే పని మనది కాదు.

రిపోర్టు చేతికి రాగానే చదివి భయపడకండి. ‘డీజనరేటివ్ మార్పులు’, ‘డిస్క్ బల్జ్’ అన్న మాటలు 61 ఏళ్ల మనిషి రిపోర్టులో దాదాపు తప్పవు. నొప్పే లేని 3,110 మంది స్కాన్‌లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. అందులో 20 ఏళ్ల వయసువారిలోనే 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది, 80 ఏళ్ల వారిలో 84 శాతం మందికి. అంటే బొమ్మలో కనిపించిన ప్రతిదీ నొప్పికి కారణం కాదు. ఎడమ కాలి నొప్పికి, బొమ్మలో ఎడమ నరం మీద ఒత్తిడికి పొంతన కుదిరిందా అన్నది డాక్టరు గారు కాలు ఎత్తి చూసి, పాదం నొక్కి చూసి తేలుస్తారు. కాబట్టి రిపోర్టు కాగితం ఫొటో తీసి పంపి సలహా అడగకండి, మనిషిని, సీడీని, ఫిల్ములను కలిపి చూపించండి.

ఫిల్ములను మడవకుండా, ఎండ తగలకుండా తీసుకురండి. ఇప్పటి ఫిల్ములు చాలావరకు వేడితో అచ్చయ్యేవి, ఎండలో ఉంచితే నల్లబడతాయి. టెక్కలి నుంచి వచ్చిన ఒకాయన వాటిని రేకుల షెడ్డు కింద ఆపిన ఆటో వెనక అద్దం దగ్గర పెట్టి మధ్యాహ్నమంతా తిరిగారు. కవరు తీసి వెలుతురుకు పట్టుకుంటే వెన్నెముక కనిపించలేదు, నల్లటి రేకు కనిపించింది. సీడీ తీసుకున్నారు కాబట్టి సరిపోయింది. మీరూ సీడీ అడిగి తీసుకుని, ఇంటికి వెళ్లే ముందు అక్కడి కంప్యూటర్‌లోనే తెరిపించి, అందులో నాన్నగారి పేరు, వయసు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.